స్థానియు ఆదేశమును: ఒక యంత్రభాషా సంస్కరణము



వ్యాకరణము చదివి, బడిపిల్లలకు సంధులు సమాసములు చెప్పుచు ముప్పదియైదేండ్లు గడపి, ఇప్పుడు ఎలమంచిలిలో విశ్రాంతిగా నున్నవాడను. ఇట్టివాడు కంప్యూటరును గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరికి తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. కాని మొన్నటి సంక్రాంతినాడు మా యింటి అరుగుమీద జరిగిన సంభాషణము వలన, నేను జీవితమంతయు పాఠము చెప్పిన 'ఆదేశము' అను మాటయే ఆ శాస్త్రమునందును ఒక పెద్ద తగవునకు మూలమై యున్నదని తెలిసికొంటిని. ఆ తగవేమో, ఒకచోట అది తీరిన విధమేమో, దానివలన మనము గ్రహింపదగిన దేమో ఈ కొలది నిమిషములలో విన్నవించెదను.

మా మనుమరాలు హైదరాబాదులో ఒక సంస్థయందు ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగమున నున్నది. పండుగకు వచ్చినది గాని, ముగ్గు మీదను లేదు మనసు, అరిసెల మీదను లేదు. భోగినాటి సాయంకాలము నా ప్రక్కన వచ్చి కూర్చుండి, “తాతగారూ, నడుస్తున్నదాన్ని కదిలించడం తప్పంటారా?” అని అడిగినది. విషయమేమన, వారి సంస్థలో లిస్పు అను భాషను నడిపించు పాత యంత్రాంగ మొకటి యున్నదట. అందు 'మాక్రో' లనబడు పాతకాలపు సంక్షేపములు వందలకొలది గలవట. వానిని తీసివేసి, వాని స్థానమున 'ఇన్‌లైన్ ఫంక్షను' లనబడు వానిని నిలుపుమని ఈమెకు పని యొప్పగించిరి. ఈమె ఉత్సాహముతో రెండు దినములలో అన్నింటిని మార్చివేసినది. మూడవనాడు యంత్రాంగము జ్ఞాపకస్థల మంతయు మ్రింగివేసి నిలిచిపోయినది. పైయధికారి యొకడు పదిమందిలో, నడచుచున్నదానిని ఎందుకు కదిలించితివని అడిగినాడట. ఆ మాట దాని గుండెలో ముల్లయి నిలిచినది. ఉద్యోగమే మానుదునన్నది.

“తల్లీ, మొదట ఆ మాక్రో యన నేమో నాకు బోధింపుము. పిమ్మట తప్పెవరిదో చూతము” అంటిని. అది చెప్పినదానిని నాకర్థమైనంతవరకు మీకు చెప్పెదను.

లిస్పు 1958లో అమెరికాలో జాన్ మెకార్తీ యను పండితుడు ఆరంభించిన భాష. నేటికిని వాడుకలో నున్న యంత్రభాషలలో ఇంతటి వృద్ధభాషలు మిక్కిలి కొలది. అందు ప్రధానమైనది 'జంట'. రెండు వస్తువులను జతచేసి, ఆ జతను మరియొక దానితో జతచేసి, పూలు గ్రుచ్చినట్లు పెద్ద వరుసలను కూర్చుదురు. జంటలో మొదటిదానిని 'కార్' అనియు, రెండవదానిని 'కుడర్' అనియు పిలుచుదురు. ఈ వింతపేర్లు ఐ.బీ.ఎం. 704 అను పాతయంత్రపు అవయవముల పేర్లనుండి పుట్టినవి. ఆ యంత్రము పోయినది, పేర్లు మిగిలినవి. భాషలలో నిది క్రొత్త గాదు.

లిస్పు తనంత తాను నడువజాలదు. జ్ఞాపకస్థలమును పంచిపెట్టుటకును, వాడుక తీరిన స్థలమును ఏరి తిరిగి తీసికొనుటకును, ప్రతివస్తువు ఏ జాతిదో తెలిసికొనుటకును అడుగున నొక యంత్రాంగము వలెను. దానిని పలుచోట్ల 'సీ' యను భాషలో వ్రాసిరి. ఈ సీ భాష 1970 ప్రాంతమున డెనిస్ రిచీ యను నతడు బెల్ ప్రయోగశాలలలో కూర్చినది. యంత్రమునకు మిక్కిలి దగ్గరగా నుండి, మిక్కిలి వేగముగా నడచునది.

జాతి తెలిసికొనుట యనగా నేమి? అనకాపల్లి మార్కెట్టుకు వచ్చిన సరుకుమీద ఇది బెల్లము, ఇది పప్పు అని పైనే గుర్తు వేసినచో మూట విప్పకయే తెలియును గదా. అట్లే ఇచట నొక్కొక్క వస్తువును సూచించు 64 బిట్ల సంకేతమున చివరి 3 బిట్లు గుర్తునకై కేటాయింపబడును. వస్తువులన్నియు 8 చేత భాగింపబడు చిరునామాలయందే యుంచబడుటచేత ఆ చిరునామాల చివరి మూడు బిట్లును ఎప్పుడును సున్నలే. వృథాగా నున్న ఆ మూడు స్థలములలో నెనిమిది విధములైన గుర్తులను వేయవచ్చును. గుర్తు చూచుట, గుర్తు తీసివేసి చిరునామాను పట్టుట, ఆ చిరునామాలో జంట మొదటిభాగమును చదువుట, ఇవన్నియు అణుమాత్రపు పనులు. కాని యొక్క క్షణములో లక్షలసారులు చేయవలసిన పనులు. ఇంత చిన్నపనికి ప్రతిసారియు వేరొక ఫంక్షనును పిలిచి, పని యప్పగించి, ఫలితమును పుచ్చుకొని మరలి వచ్చుట, గుక్కెడు నీళ్ళకు గోదావరి పోయి వచ్చినట్లు. అందుచేత పూర్వులు మాక్రోల నాశ్రయించిరి.

మాక్రో యనగా పేరు చూచి పాఠ మతికించుట. సీ భాషలో వ్రాసినదానిని యంత్రభాషలోనికి మార్చువానికి కంపైలరని పేరు. ఆ కంపైలరుకు ముందు ప్రీప్రాసెసరను లేఖకు డొకడు నడచును. వానికి భాష రాదు; అర్థము పట్టదు. ఫలానా పేరు కనబడినచోట నెల్ల ఫలానా పాఠమును వ్రాయుమనిన, వ్రాసిపోవును. తాళపత్రములు వ్రాసిన మన పూర్వలేఖకులు గ్రంథాంతమున, చూచినది చూచినట్లు వ్రాసితిని, తప్పు నాది గాదని విన్నవించుకొనెడివారు. ఈ లేఖకుడును అట్టివాడే. పిలుచుట లేదు, మరలి వచ్చుట లేదు, కనుక వేగము. ఇంతవరకు బాగే యున్నది.

చిక్కు లెచట వచ్చును? మొదటిది అన్వయపు చిక్కు. 'వర్గము' అను మాక్రోకు, ఇచ్చిన సంఖ్యను అదే సంఖ్యచేత గుణింపుమని పాఠమనుకొనుడు. 5 ఇచ్చిన 25 వచ్చును. '2 కూడిక 3' అని యిచ్చినచో లేఖకుడు కూడడు, ఉన్నదున్నట్లు అతికించును. అప్పుడు '2 కూడిక 3 గుణకారము 2 కూడిక 3' అగును. గుణకారము ముందు చేయవలెను గనుక 11 వచ్చును, 25 రాదు. కుండలీకరణములు పెట్టినచో ఈ చిక్కు తీరును గాని, పెట్టుట మరచినవాడు లేనిదెక్కడ?

రెండవది యింతకంటె దొంగచిక్కు. 'రెండింటిలో పెద్దది' అను మాక్రో ఇచ్చినవానిని పోల్చుటకు ఒకసారియు, ఫలితము చెప్పుటకు మరియొకసారియు వ్రాసికొనును. ఇచ్చినది సంఖ్యయైన బాధ లేదు. ఇచ్చినది పని యయినచో? ఒక యిల్లాలు, 'కొట్టునుండి ఉప్పుపొట్లము తెచ్చి దాని వెల చెప్పుము' అనుదానిని మొదటి సంఖ్య స్థానమున నిలిపినదనుకొనుడు. పోల్చుటకై పిల్లవాడొకసారి కొట్టుకు పోవును. అదియే పెద్దవెల యని తేలినచో ఫలితము చెప్పుటకై మరల పోవును. ఇంటికి రెండు పొట్లములు వచ్చును. కాగితముమీద చూచువానికి పని యొక్కసారియే కనబడుచున్నది. ఇట్టి తప్పును పట్టుకొనుటకు రాత్రులు రాత్రులు పోవుననినది మా మనుమరాలు.

మూడవది సర్వనామపు చిక్కు. ఒక ఉత్తరములోని 'అతడు వచ్చెను' అను వాక్యమును కత్తిరించి మరియొక ఉత్తరములో నతికించితిరా, ఆ 'అతడు' వేరొకని కంటుకొనును. మాక్రోలో తాత్కాలికముగా వాడికొన్న పేరు, అతికించినచోట నంతకుముందే యున్న పేరుతో కలిసిపోయినచో నిదియే గతి.

నాలుగవది జాతిభేదపు చిక్కు. దీనికి మన వ్యాకరణములోనే మంచి దృష్టాంతమున్నది. గసడదవాదేశమును బడిలో అందరును చదివియుందురు. 'రాముడు పోయె' ననునది 'రాముడు వోయె' నగును. ఆ సూత్రము పకారము కనబడినచోట నెల్ల వకారము చేయుమనుట లేదు. ముందున్న పదము ప్రథమావిభక్తిలో నున్నదా యని అడుగుచున్నది. అనగా అక్షరమును మాత్రమే గాక పదముయొక్క జాతిని గూడ చూచుచున్నది. జాతి చూడని లేఖకుని చేతికి అదే పని యిచ్చితిమా, పాలు వాలగును, పప్పు వప్పగును. జంటకు చేయవలసిన పనిని సంఖ్యకు చేయుమన్నను మాక్రో లేఖకుడు కాదనడు.

ఇది వినుచుండగా నాకు నా లేఖకత్వమే జ్ఞప్తికి వచ్చినది. బడిలో ఉపకారవేతనముల దరఖాస్తులకు సిఫారసు వ్రాయుట కొంతకాలము నా పని. ఏటేట వందమందికి వ్రాయలేక నమూనా యొకటి చేసికొంటిని. పేరు మార్చుట, సంతకము చేయుట. అందు 'ఈ విద్యార్థి తండ్రి ఆదాయము వెనుకపుటలో చూపబడినది' అని యొక వాక్యము. ఒక యేడు, తండ్రి లేని బాలిక యొకతె దరఖాస్తు పెట్టినది. తల్లి చెరకుతోటలలో కూలి. వెనుకపుటలో తల్లి ఆదాయమే యున్నది. నేను పేరు మార్చి సంతకము చేసితిని, వాక్యమును చదువలేదు. రెండుచోట్ల పొత్తు కుదురలేదని కాగితము తిరిగి వచ్చినది. దిద్ది పంపులోపల గడువు దాటినది. ఆ యేటి ఖర్చులకు ఆ తల్లి చెవికమ్మలు కుదువబెట్టినది. నన్నొక్కమాట యనలేదు. అనియున్న కొంత తేలికగా నుండెడిది. అర్థము చూడని అతికింపు ఎంతటివారికి నష్టము కలిగించునో నాకు యంత్రములు చెప్పనక్కరలేదు.

ఇక ఇన్‌లైన్ ఫంక్షను సంగతి. ఫంక్షనును మన గణితపాఠములలో ప్రమేయమందురు. ప్రమేయమునకు ఇచ్చినదానిని ముందు లెక్కించి, ఫలితమును మాత్రమే లోపలికి పంపుదురు. '2 కూడిక 3' ఇచ్చిన లోపలికి పోవునది 5. ఉప్పుపొట్లమునకు పిల్లవాడు ఒక్కసారియే పోవును. లోపలి పేర్లు లోపలనే యుండును, బయటివానితో కలియవు. ఏ జాతివస్తువు కావలెనో ప్రకటించియుండుటచేత మరియొక జాతిని ఇచ్చిన కంపైలరే ఆపి తప్పు చూపును. మరి వేగము? 'ఇన్‌లైన్' అను మాట చేర్చినచో, పిలుపు లేకుండ పనిని అచటనే కలిపివేయుమని కంపైలరుకు మనవి చేసినట్లు. కలుపుటయో మానుటయో కంపైలరు విచారించుకొనును. ఈ యేర్పాటు కొన్ని కంపైలరులలో ముందే యున్నను, సీ భాషయొక్క ప్రమాణమున 1999లో చేరినది.

కావున భేద మెచటనున్నది? రెండును పాఠమును అచటనే కలుపునవియే. లేఖకుడు అర్థమెరుగక ముందు కలుపును. కంపైలరు అర్థమెరిగిన పిమ్మట కలుపును. ఇంతే భేదము. ఈ ఇంతలోనే అంతయు నున్నది.

ఈ మార్పును లోకమందరును చూచునట్లు చేసినచో టొకటి గలదు. అది ఈమాక్సు. పాఠమును వ్రాయుటకును దిద్దుటకును ఉపయోగించు సంపాదకమది. ఈ పేరు 1976 నుండి యున్నను, నేడు వ్యాప్తిలో నున్న గ్నూ ఈమాక్సును రిచర్డ్ స్టాల్మన్ 1984లో ఆరంభించి 1985లో లోకమునకు విడుదల చేసెను. దాని పైభాగము లిస్పు. అడుగు యంత్రాంగము సీ. దానిలో తెలుగు వ్రాయుటకును ఏర్పాటున్నది. పలుభాషల పలకరింపులు గూర్చిన పత్రమొకటి దానితోనే వచ్చును. మనుమరాలు దానిని తెరచి చూపగా, ఆ వరుసలో మన 'నమస్కారం' నా కంటబడినది. పరాయియూరి సంతలో మనవాడు కనబడినట్లయినది.

ఆ యంత్రాంగమున జంట మొదటిభాగమును చదువుట, సంకేతమునుండి సంఖ్యను తీయుట, వస్తువు శూన్యమా కాదా యని చూచుట మొదలగు మూలకార్యములు చిరకాలము మాక్రోలుగానే యుండెను. వీనిని ప్రమేయములుగా మార్చవలెనను ప్రస్తావన వారి తప్పులపట్టికలో 11935వ సంఖ్యగా 2012లో నమోదైనది. పాల్ ఎగర్ట్ అను విద్వాంసుడు 2013లో ఆ మార్పును సాగించెను. 2014 అక్టోబరులో వెలువడిన 24.4వ కూర్పునందు అది చేరినది.

ఆ మార్పు నడచిన తీరు గమనింపదగినది. మొదటిది, పేర్లు మారలేదు. వేలకొలది చోట్ల వ్రాసియున్న పిలుపులు వ్రాసినట్లే యున్నవి. పేరు వెనుకనున్న వస్తువు మాత్రము మారినది. రెండవది, పాతదానికిని ఒక చోటు మిగిల్చిరి. తప్పులు వెదకుకాలమున ప్రోగ్రామును మెరుగులు పెట్టకుండ కూర్చుదురు. అప్పుడు కంపైలరు 'ఇన్‌లైన్' మనవిని మన్నింపదు. ప్రతి చిన్నపనియు నిజముగా పిలుపై యంత్రము నత్తనడక నడచును. అందుచేత అతిముఖ్యములైన కొన్నింటికి సారమును ఒక్కచోట వ్రాసి, మెరుగు లేని కూర్పున మాక్రోగాను, మెరుగుగల కూర్పున ప్రమేయముగాను అదియే పనిచేయునట్లు ఏర్పరచిరి. సారమొక్కటియే గనుక రెండు రూపములును దారి తప్పి వేరుకావు. కంపైలరులు బాగుపడిన పిమ్మట, బహుశః 2020 నాటికి, ఈ జోడుయేర్పాటును తీసివేయవచ్చునని అక్కడనే వ్యాఖ్య వ్రాసియుంచిరి. తొందర లేదు. కాలమునకు పని యప్పగించుట యన నిది.

మూడవది, అన్నింటిని మార్చలేదు. క్రొత్త మూలక్రియను లిస్పునకు పరిచయము చేయుటకు వాడు 'డెఫన్' అనునది మాక్రోగానే నిలిచినది. ఎందుకనగా దాని పని విలువను లెక్కించుట గాదు. ప్రకటనల పాఠమును పుట్టించుట. ఆ పని ప్రమేయమువలన గాదు.

ఇచటనే మా మనుమరాలి తప్పు బయటపడినది. ఆమె మార్చినవానిలో నొక మాక్రో యిట్టిది: మొదటిది శూన్యమైనచో రెండవదానిని చేయుము, కానిచో చేయవద్దు. ఆ రెండవస్థానమున పలువురు 'క్రొత్త పట్టిక నొకటి సృష్టింపుము' అని వ్రాసికొనియుండిరి. మాక్రోగా నున్నంతకాలము పాతపట్టిక యున్నచో క్రొత్తది పుట్టదు. ప్రమేయమైన తోడనే, ఇచ్చినవానిని అన్నింటిని ముందుగా లెక్కించుట ప్రమేయధర్మము గనుక, అవసరమున్నను లేకున్నను ప్రతిసారియు క్రొత్తపట్టిక పుట్టజొచ్చినది. పుట్టినవానిని పట్టియుంచు జాబితా యొకటి వేరుగా నుండుటచేత అవి తిరిగి స్థలమున కలియలేదు. పొట్లము రెండుసార్లు తెచ్చుట తప్పించు ధర్మమే, అక్కరలేని పొట్లమును తెప్పించినది.

ఇది విని నేను, “అమ్మా, దీనికి పాణిని ఎన్నడో మాట చెప్పియున్నాడు” అంటిని. అది నవ్వినది. పండుగకు వచ్చిన తరువాత అదే మొదటి నవ్వు.

పాణిని వ్యాకరణమున, ఉన్నదానిని 'స్థాని' యందురు. దానిని తొలగించి వచ్చుదానిని 'ఆదేశ' మందురు. ఆగమము మిత్రునివలె వచ్చి ప్రక్కన కూర్చుండును. ఆదేశము శత్రువువలె వచ్చి ఉన్నవానిని వెడలగొట్టునని మన పెద్దలు చమత్కరించుదురు. ఇట్లు వచ్చినవానికి పాతవాని హక్కులుండునా? ఉండునని సూత్రము. ఆదేశము స్థానివంటిదే. కాని యొక మినహాయింపు గలదు: స్థానియొక్క అక్షరమును ఆశ్రయించి జరుగు కార్యములందు మాత్రము ఆ హక్కు లేదు.

ఉదాహరణము చూడుడు. 'లిఖిత్వా' యన వ్రాసి యని యర్థము. ఇందలి ప్రత్యయము క్త్వా. ఉపసర్గ చేరినచో దాని స్థానమున ల్యప్పు వచ్చి 'విలిఖ్య' యగును. క్త్వా వలన నేర్పడినది అవ్యయము. ల్యప్పు వలన నేర్పడినదియు అవ్యయమే. హక్కు సంక్రమించినది. కాని 'లిఖిత్వా' లో నడుమ నున్న ఇకారము, ప్రత్యయము తకారముతో మొదలగుటను బట్టి వచ్చినది. ల్యప్పులో మిగులునది యకారము. కనుక 'విలిఖ్య' లో ఆ ఇకారము రాలేదు. అర్థమును బట్టి వచ్చిన హక్కు నిలిచినది; అక్షరమును బట్టి వచ్చినది పోయినది.

“నీ మాక్రోలను ఈ త్రాసులో తూచి చూడుము. ఏది అర్థము నాశ్రయించి యున్నదో అది ప్రమేయమగును. లోకులకు భేదమే తెలియదు. ఏది అతికించిన అక్షరముల నాశ్రయించి యున్నదో అది కాదు” అంటిని. మనుమరాలు కాగితము తెచ్చికొన్నది. ఆ రాత్రి యిద్దరమును లాంతరుకాలపు పిల్లలవలె కూర్చుండి కుప్పలు వేసితిమి. ఇచ్చినదానిని ఒక్కమారు మాత్రమే వాడునవి మొదటికుప్ప. వీనిని నిర్భయముగా మార్చవచ్చును. రెండుమారులు వాడునవి రెండవకుప్ప. వీనిని మార్చుటయే మేలు గాని, ఆ రెండుసారుల పనిమీద తెలియక ఆధారపడినవారెవరైన నున్నారేమో పిలుపు పిలుపునకు చూడవలెను. ఒక్కొక్కప్పుడు అసలే వాడనివి మూడవకుప్ప. వీనిని ముట్టరాదు, లేక పిలుచువారే ముందు పరీక్షించి పిలుచునట్లు వ్రాయింపవలెను.

నాలుగవకుప్ప యొకటి అదియే చెప్పినది. సమానచిహ్నమునకు ఎడమవైపున వాడబడునవి. 'జంట మొదటిభాగము' అను మాక్రో అతికించినచో నిజమైన స్థలమే వచ్చును గనుక, దానికి క్రొత్తవిలువ వేయవచ్చును. ప్రమేయము స్థలము నీయదు; అందున్న విలువను మాత్ర మిచ్చును. విలువలో విలువ వేయుట, బావిలోని నీరు తెమ్మనిన తెచ్చిన చెంబులో పోసి, బావి నిండినదనుకొనుట. అందుచేత ఈమాక్సునందు మొదటిభాగమును చదువుట కొక పేరును, మార్చుటకు వేరొక పేరును గలవు. చదువుట వేరు, మార్చుట వేరు అని పేరులోనే తెలియుట యెంత మేలు! ఎవరెవరు మార్చుచున్నారో వెదకినంతనే దొరకుదురు.

ఇంకొక లాభమును చెప్పక విడువరాదు. ప్రోగ్రాము నడుమ నిలిచిపోయినపుడు లోపలికి తొంగిచూచు పరికరమునకు డిబగ్గరని పేరు. మాక్రో పేరు లేఖకుని చేతిలోనే మాసిపోవుటచేత, ప్రత్యేకముగా భద్రపరచిననే తప్ప డిబగ్గరు దాని నెరుగదు. ప్రమేయమైనచో పేరుపెట్టి పిలిచి అడుగవచ్చును. ఆపద వచ్చినపుడు పిలిచిన పలుకువాడే గదా మనవాడు!

మాక్రో లన్నియు నింద్యములని నేననుట లేదు. లిస్పు భాషకే స్వంతముగా మాక్రోలు గలవు. 1963లో టిమొతీ హార్ట్ అను నతడు వానిని ప్రతిపాదించెను. అవి అక్షరములను చూచి అతికించునవి గావు; వాక్యమును విడదీసి, ఏది క్రియ ఏది కర్మయని తెలిసిన తరువాత, ఆ యన్వయమును పట్టి మరియొక వాక్యమును కూర్చునవి. అందును సర్వనామపు చిక్కు వచ్చుట గలదు. దానిని తీర్చు మార్గములను 1986 మొదలు విద్వాంసులు కనుగొనుచు వచ్చిరి. కాని అన్వయ మెరిగి చేయుటకును ఎరుగక చేయుటకును గల భేదము అక్కడను నిలిచియే యున్నది.

కనుమ మరునాడు మనుమరాలు రైలెక్కినది. ఎలమంచిలి స్టేషనులో, రైలు కదలుటకు ముందు, “ఒక్కొక్కటిగా మారుస్తాను తాతగారూ, ప్రతిదానికీ పరీక్ష రాసి” అన్నది. అట్లే చేసినది. పాతరూపమును క్రొత్తరూపమును ఒక్క సరుకుమీదనే నడిపి, ఫలితములు సరిపోయిన పిమ్మటనే ముందుకు సాగినది. ఉగాదికి ఉత్తరమువంటి సందేశము పంపినది: మొదటి రెండు కుప్పలును పూర్తియైనవట, ఆ పనిలో ఎవరికిని తెలియక దాగియున్న రెండు పొట్లముల తప్పులు మూడు బయటపడినవట, మూడవకుప్పలో పదునొకండు మాక్రోలుగానే మిగిలినవట. వాని ప్రక్కన, ఇవి యెందుకు మిగిలినవో వ్యాఖ్య వ్రాసినదట. ఆ వ్యాఖ్య సంగతి విని నేను మిక్కిలి సంతోషించితిని. తరువాత వచ్చువాడు మరల అదే గోతిలో పడడు.

నడచుచున్నదానిని కదిలించుట తప్పా యని దాని ప్రశ్న. కదిలించుట తప్పు గాదు. నడచుచున్నది ఏ కారణముచేత నడచుచున్నదో తెలియక కదిలించుట తప్పు. తెలిసియు కదిలింపకుండుటయు నొక విధమైన తప్పే. దాగిన తప్పులు ఎవరో యొకరి కాగితములో, ఎవరో యొక తల్లి చెవికమ్మలలో తీరవలసి వచ్చును. మనము తొలగించు ప్రతిస్థానియు ఎవరికో ఆధారమై నిలిచియున్నది. దాని స్థానమున వచ్చునది ఆ యాధారమును మోయవలెను. మోయలేనిచోట ఆ మాట ముందుగా చెప్పవలెను. ఇంతమాత్రము తెలిసినవాడు పాతయింటి దూలమునైనను మార్చవచ్చును, భాషనైనను మార్చవచ్చును, యంత్రమునైనను మార్చవచ్చును.